బెజవాడ ఎండకు ఎండిపోని జెల్: కోలిన్ క్లోరైడ్, గ్లిజరిన్‌తో యూటెక్టోజెల్ తయారీకి సమగ్ర మార్గదర్శి

మే నెలలో బెజవాడలో ఒక హైడ్రోజెల్ ముక్కను ఫ్యాన్ కింద పెట్టి భోజనానికి వెళ్లి రండి. వచ్చేసరికి అంచులు పైకి లేచి ఉంటాయి. సాయంత్రానికి ముక్క గట్టిపడి, వంచితే విరుగుతుంది. సెన్సర్ కోసమో, ఎలక్ట్రోలైట్ కోసమో మెత్తటి జెల్ చేయాలనుకునే ప్రాజెక్టు విద్యార్థులకు మన ఊళ్లలో మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. జెల్‌లో ఎక్కువ భాగం నీరే. ఈ ఎండలకు ఆ నీరు నిలవదు.

దీనికి విరుగుడు, ఆవిరి కాని ద్రవంతో జెల్ చేయడం. ఈ దారిలో ముందు వచ్చినవి అయానిక ద్రవాలు, అంటే 100 డిగ్రీల లోపే కరిగిపోయే లవణాలు. (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.) ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుందని పాల్ వాల్డెన్ 1914లోనే ప్రచురించాడు. అయానిక ద్రవంతో చేసిన జెల్‌ను అయానోజెల్ అంటారు. పనితనం బాగుంటుంది కానీ చిన్న సీసాకే ప్రాజెక్టు బడ్జెట్ కరిగిపోతుంది. 2003లో ఇంగ్లండ్‌లోని లీస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ అబాట్ బృందం చవకైన దారి చూపింది. కోలిన్ క్లోరైడ్ కరగాలంటే 302 డిగ్రీలు కావాలి, యూరియాకు 133. ఒక మోల్ కోలిన్ క్లోరైడ్‌కు రెండు మోల్‌ల యూరియా కలిపితే ఆ మిశ్రమం 12 డిగ్రీల దగ్గర కానీ గడ్డకట్టదు. ఇలాంటి వాటికి డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లు అని పేరు. ల్యాబ్‌లో పొట్టిగా డెస్ అంటాం. డెస్‌తో చేసిన జెల్ యూటెక్టోజెల్. మనం చేయబోయేదాంట్లో యూరియా బదులు గ్లిజరిన్‌ను కోలిన్ క్లోరైడ్‌తో కలిపి డెస్ చేస్తాం, దాన్ని జెల్‌గా పట్టి ఉంచేది జెలటిన్.

ఆవిరి కాదు కదా అని ధీమాగా ఉంటే మాత్రం ఈ ద్రవం ఇంకో వైపు నుంచి దెబ్బ తీస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోహిణి కార్తెలో నిలబడ్డ జెల్‌కు శ్రావణం ముసురులో చెమటలు పడతాయి. జెల్ గట్టిదనం, కరిగే ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత అన్నీ అందులో ఎంత నీరుందన్న దాన్ని బట్టే మారతాయి. అందుకే ఈ పద్ధతిలో అడుగడుగునా బరువు రాసుకోమంటాను. ఆ అలవాటు లేకుండా చేసిన జెల్ గురించి థీసిస్‌లో ఎన్ని గ్రాఫులు పెట్టినా పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ ఒక్క ప్రశ్నతో పడగొడతారు.

ఏవి కొనాలి, ఏవి కొనకూడదు

కోలిన్ క్లోరైడ్ మన ప్రాంతానికి కొత్తదేం కాదు. కోళ్ల దాణాలో కలుపుతారు కాబట్టి దాణా మందుల దుకాణాల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది. చవక కదా అని దాన్ని తెచ్చుకోకండి. 60 శాతం అని రాసి ఉండే దాణా రకం పొడిలో మిగతాదంతా మొక్కజొన్న కంకి పొట్టు లాంటి నింపుడు పదార్థమే. అది డెస్‌లో కరగదు, అడుగున మడ్డిలా మిగులుతుంది. 75 శాతం అని ద్రవరూపంలో అమ్మేదాంట్లో మిగతా పావు భాగం నీరు. ల్యాబ్ కెమికల్స్ అమ్మేవాళ్ల దగ్గర 98 శాతం లేదా అంతకు మించిన స్వచ్ఛత ఉన్నది 100 గ్రాముల సీసా తీసుకోండి.

గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరికేదే సరిపోతుంది. లేబుల్ మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణం) అని ఉండాలి, రోజ్‌వాటర్ కలిపినది కాకూడదు. మూత తీసి నెలలైన సీసా వద్దు. గ్లిజరిన్ కూడా తేమను లాగుతుంది.

గ్లిజరిన్ బదులు ఇథిలీన్ గ్లైకాల్ వాడితే ద్రవం బాగా పల్చగా ఉంటుంది. వాహకత కూడా ఎక్కువే. గది ఉష్ణోగ్రతలో గ్లిజరిన్ డెస్ సెంటీమీటరుకు సుమారు 1 మిల్లీసీమెన్స్ చూపిస్తే, గ్లైకాల్ డెస్ 7 వరకు చూపిస్తుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో జెలటిన్‌తో సాగే సెన్సర్లు చేసింది ఈ గ్లైకాల్ డెస్‌తోనే. అయినా మొదటిసారి చేసేవాళ్లకు నా ఓటు గ్లిజరిన్‌కే. ఇథిలీన్ గ్లైకాల్ కడుపులోకి పోతే విషం. పైగా మీరు చేసేది వేలికి చుట్టుకునే వస్తువు. కార్లలో పోసే కూలెంట్ కూడా గ్లైకాలే కదా అంటారేమో, అందులో నీరు, రంగు, తుప్పు పట్టకుండా వేసే మందులు ఉంటాయి.

యూరియా డెస్ ఈ పనికి పనికిరాదు. జెలటిన్ గొలుసులు మూడేసి పెనవేసుకుంటేనే జెల్ నిలుస్తుంది. ఆ పెనలను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను యూరియా విప్పేస్తుంది.

జెలటిన్ కొనేటప్పుడు బ్లూమ్ అంకె, అంటే జెల్ బలాన్ని చెప్పే అంకె చూడండి. 225 నుంచి 250 మధ్య ఉంటే మంచిది. కేకుల సామాన్ల దుకాణంలో అమ్మే జెలటిన్ మీద చాలాసార్లు ఈ అంకె ఉండదు. అది పని చేస్తుంది కానీ రెండో ప్యాకెట్ మొదటిదానిలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అది ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు చైనా గ్రాస్, అంటే అగర్‌తో చేసుకోవచ్చు. ఆ తేడాలు తర్వాత చెబుతాను.

మొదటి దశ: ఆరబెట్టడం

కోలిన్ క్లోరైడ్ సీసా మూత తీసి నాలుగు మాటలు మాట్లాడేలోపే స్ఫటికాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఉదయం పూట, ఏసీ గది ఉంటే అందులో పని పెట్టుకోండి. సుమారు 25 గ్రాములు వెడల్పాటి గాజు పాత్రలో పల్చగా పరిచి, వ్యాక్యూమ్ ఓవెన్‌లో 60-70 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. వ్యాక్యూమ్ ఓవెన్ లేకపోతే మామూలు హాట్ ఎయిర్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచినా ఫర్వాలేదు. తీసిన వెంటనే డెసికేటర్‌లో చల్లార్చాలి. డెసికేటర్ అడుగున సిలికా జెల్ రంగు మారి ఉంటే ముందు దాన్ని ఓవెన్‌లో వేడి చేసి బాగు చేసుకోండి. ఏళ్ల తరబడి గులాబీ రంగులోనే ఉన్న సిలికా జెల్ మీద మూత బిగించి డెసికేటర్ అనుకునే ల్యాబులకు మన దగ్గర కొదవ లేదు.

రెండో దశ: డెస్ కలపడం

కోలిన్ క్లోరైడ్ మోలార్ ద్రవ్యరాశి 139.62. గ్లిజరిన్‌ది 92.09. ఒకటికి రెండు మోల్‌లు అంటే 139.62 గ్రాములకు 184.18 గ్రాములు. 50 గ్రాముల డెస్‌కు 21.56 గ్రాముల కోలిన్ క్లోరైడ్, 28.44 గ్రాముల గ్లిజరిన్ కావాలి.

తూకంలో ఒక కిటుకు ఉంది. కోలిన్ క్లోరైడ్‌ను కచ్చితంగా 21.56 దగ్గర ఆపాలని స్పాచులాతో కాస్త తీసి కాస్త వేసి కూర్చుంటే, ఆ కాసేపట్లో అది తాగిన తేమను కూడా మీరే తూస్తారు. ఆరిన పొడిని మూతగల సీసాలోకి ఒక్కసారిగా వంపి, మూత పెట్టి, ఎంత వచ్చిందో చూడండి. వచ్చిన బరువును 1.319తో గుణించండి. అన్ని గ్రాముల గ్లిజరిన్ పోయాలి. 22.10 గ్రాముల పొడి వస్తే 29.15 గ్రాముల గ్లిజరిన్ అన్నమాట. ద్రవాన్ని డ్రాపర్‌తో చుక్కచుక్కగా సరిచేయడం తేలిక.

రెండూ కలిపి, మూత బిగించి, 80 డిగ్రీల దగ్గర మ్యాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పండి. మొదట తెల్లటి ముద్దలా ఉంటుంది. గంట, రెండు గంటల్లో లేత పాకంలా జారే, రంగులేని, తేటైన ద్రవం అవుతుంది. పసుపు ఛాయ వచ్చిందంటే వేడి ఎక్కువైందని అర్థం. హాట్ ప్లేట్ మీద కనిపించే అంకెను నమ్మకుండా ద్రవంలో థర్మామీటర్ పెట్టి చూడండి. గది ఉష్ణోగ్రతకు వచ్చాక రాత్రంతా ఉంచినా స్ఫటికాలు తేలకూడదు.

నీరు ఎంత చేరిందో తెలుసుకోవడానికి కార్ల్ ఫిషర్ యంత్రం ఉంటే అదృష్టం. లేకపోతే డిగ్రీ ల్యాబుల్లో సాధారణంగా ఉండే ఆబే రిఫ్రాక్టోమీటర్ చాలు. నీరు లేని గ్లిజరిన్ డెస్ వక్రీభవన గుణకం 1.48కి పైనే ఉంటుంది. నీరు కలిసే కొద్దీ తగ్గుతుంది. చేసిన రోజు కొలత సీసా మీద రాసిపెట్టండి. నెల తర్వాత మళ్లీ కొలిస్తే మూత ఎంత గట్టిగా పెట్టారో అదే చెబుతుంది.

మూడో దశ: జెలటిన్ కలపడం

నీరు లేని డెస్‌లో జెలటిన్ నేరుగా వేస్తే గింజలు పైపొర మాత్రమే ఉబ్బి ఉండలు కడతాయి. కొంచెం నీరు సాయం తీసుకుని, తర్వాత ఆ నీటిని బయటికి పంపడం నయం. ఒక పాళ్ల లెక్క చెబుతాను: డెస్ 40 గ్రాములు, జెలటిన్ 8 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 6 గ్రాములు. మొత్తం 54.

ముందు నీటిని డెస్‌లో కలపండి. ద్రవం చల్లగా ఉండగానే జెలటిన్ చల్లుతూ కలిపి, మూత పెట్టి కనీసం గంట నాననివ్వండి. ఈ గంటలో తొందరపడితే తర్వాత మూడు గంటలు ఉండలు చిదుపుతూ కూర్చోవాలి. నానాక 60-65 డిగ్రీల వాటర్ బాత్‌లో బీకర్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే నురగ వస్తుంది, ఈ చిక్కదనంలో అది దిగదు. 80 డిగ్రీలకు పోయి త్వరగా కరిగించాలన్న ఆశ వద్దు. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంటే జెలటిన్ గొలుసులు తెగి, జెల్ బలం తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు బీకర్, స్టిర్ బార్, మిశ్రమం అన్నీ కలిపి ఎంత బరువున్నాయో రాసుకున్నారు కదా? కరిగాక మళ్లీ తూయండి. తగ్గిన బరువు పోయిన నీరే. అంత నీరు తిరిగి కలిపితే అన్ని బ్యాచ్‌లూ ఒకే చోట మొదలవుతాయి.

నాలుగో దశ: పోత

మిశ్రమాన్ని 60 డిగ్రీల ఓవెన్‌లో మూతపెట్టి అరగంట కదలకుండా ఉంచితే బుడగలు చాలావరకు పైకి తేలతాయి. మిగిలినవాటిని వేడి సూదితో తీసేయండి. 90 మిల్లీమీటర్ల పెట్రి డిష్‌లో 15 గ్రాములు పోస్తే సుమారు 2 మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఒక బ్యాచ్ మూడు డిష్‌లకు సరిపోతుంది. సిలికాన్ అచ్చు అయితే జెల్ హాయిగా ఊడి వస్తుంది, గాజుకు అంటుకుంటుంది. డిష్ పెట్టే చోటు సమంగా ఉందో లేదో చూసుకోండి.

గది ఉష్ణోగ్రతకు దిగేదాకా ఉంచి, మూత పెట్టి, జిప్ లాక్ కవర్‌లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. మర్నాడు కవర్ తీయకుండానే బయట పెట్టాలి. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవాలి. కృష్ణ ఒడ్డు గాలిలో ఉండే తేమకు, ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి జెల్ మీద నిమిషాల్లో నీటి బిందువులు పేరుకుంటాయి.

ఐదో దశ: తేమ లెక్క

54 గ్రాముల మిశ్రమంలో మనం కలిపిన నీరు 6 గ్రాములు. అంటే 15 గ్రాములు పోసిన డిష్‌లో 1.67 గ్రాములు. మిగతా 13.33 గ్రాములు ఎటూ పోవు. కాబట్టి ఎప్పుడు తూచినా, ఆ రోజు బరువులోంచి 13.33 తీసేస్తే మిగిలేది నీరు. బరువు 14.20 ఉంటే నీరు 0.87 గ్రాములు, అంటే 6 శాతం చిల్లర. జెలటిన్ పొడిలో ముందే పదో వంతు దాకా తేమ ఉంటుంది. కచ్చితంగా కావాలంటే కొంచెం పొడిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఆ అంకె కూడా కలుపుకోండి.

డిష్ మూత తీసి డెసికేటర్‌లో పెట్టి, రోజూ ఒకే వేళకు తూయండి. బరువు నిలకడకు వచ్చిందంటే జెల్ సిద్ధం. ఒక ముక్కను మాత్రం బయటే బల్ల మీద వదిలేయండి, పక్కన గదిలో తేమ ఎంతో చూపే చిన్న డిజిటల్ మీటర్ పెట్టి రెండూ రాయండి. వేసవిలో, వానాకాలంలో ఆ ముక్క బరువు గీత ఎలా నడుస్తుందో చూపగలిగితే మీ ప్రాజెక్టులో అదే మంచి అధ్యాయం అవుతుంది. ఇరవై డిగ్రీల ఏసీ ల్యాబుల్లో చేసిన పనుల్లో ఆ గీత కనిపించదు.

ఆరో దశ: ఎంత వేడికి జారుతుంది?

నీటితో చేసిన జెలటిన్ జెల్ 30-35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నానికే అది ద్రవం. డెస్‌తో, ఎక్కువ జెలటిన్‌తో చేసినది ఇంకా పైదాకా నిలవాలి. కానీ ఎంత దాకా అన్నది మీ జెలటిన్, మీ నీటి శాతం నిర్ణయిస్తాయి. ఎవరో రాసిన అంకె నమ్మకుండా కొలవండి. చిన్న గాజు సీసాలో 5 గ్రాముల జెల్ పోసి గడ్డకట్టించి, వాటర్ బాత్‌లో థర్మామీటర్ పక్కన పెట్టి, డిగ్రీకి కొన్ని నిమిషాల చొప్పున పెంచుతూ సీసా తలకిందులు చేసి చూడాలి. జారడం మొదలైన ఉష్ణోగ్రత రాసుకోండి.

అది 45 దాటకపోతే ఆ జెల్ మే నెలలో బయటికి తీసుకెళ్లడానికి పనికిరాదు. నీరు ఇంకా తగ్గించండి, లేదా జెలటిన్‌ను 10 గ్రాములకు పెంచండి. పెంచే కొద్దీ పోయడం కష్టమవుతుందని గుర్తుంచుకోండి. అగర్ ఇక్కడ గెలుస్తుంది. నీటిలో అగర్ జెల్ 35-40 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, మళ్లీ కరగడానికి 85 పైన అడుగుతుంది. అగర్‌ను ముందు కొద్ది నీటిలో మరిగించి పూర్తిగా కరిగించి, 80 డిగ్రీల దగ్గర ఉన్న డెస్‌లో వేడివేడిగా కలపాలి. వేడికి నిలుస్తుంది కానీ సాగదు, లాగితే విరుగుతుంది. ఎలక్ట్రోలైట్‌కు అగర్, వేలికి చుట్టే సెన్సర్‌కు జెలటిన్ అని నేను విడదీస్తాను.

ఏడో దశ: వాహకత కొలవడం

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెండు మొనలు జెల్‌లో గుచ్చితే అంకె ఆగకుండా పాకుతుంది. జెల్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. మల్టీమీటర్ ఏకదిశ విద్యుత్తును పంపుతుంది. జెల్‌లో కదిలేవి అయాన్లు. అవి లోహం దాటి వెళ్లలేక ఎలక్ట్రోడ్ దగ్గరే గుమిగూడతాయి. మీటరు చూపేది ఆ గుంపు అడ్డంకిని కూడా కలుపుకున్న అంకె.

ఏకాంతర విద్యుత్తుతో కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ తీసుకుని 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలవండి. రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ పలకల మధ్య 1 చదరపు సెంటీమీటరు జెల్ ముక్కను నొక్కీ నొక్కకుండా పెట్టాలి. మందాన్ని, నిరోధాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే వాహకత. మందం 0.2 సెంటీమీటర్లు, నిరోధం 400 ఓమ్స్ అయితే సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్. రాగి తీగలు, రాగి రేకులు వాడొద్దు. క్లోరైడ్ వాటిని తినేసి జెల్‌ను పచ్చగా చేస్తుంది. కార్బన్ క్లాత్ కూడా మంచిదే.

జెలటిన్ వల అడ్డుపడుతుంది కాబట్టి జెల్ వాహకత ఉత్త డెస్ కంటే కొంత తక్కువ ఉండాలి. మీకు దానికి ఎన్నో రెట్లు వస్తే సంబరపడే ముందు జెల్‌ను తూయండి. నీరు చేరితే చిక్కదనం తగ్గి అయాన్లు వేగంగా కదులుతాయి. ఉష్ణోగ్రత పెరిగినా అంతే. ఏసీ గదిలో ఒక అంకె, వరండాలో ఇంకో అంకె వస్తాయి. కొలిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత, నీటి శాతం రెండూ పక్కన ఉండాలి.

ఎనిమిదో దశ: సెన్సర్‌గా మార్చడం

5 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు ఉన్న పట్టీ కోయండి. 2 మిల్లీమీటర్ల మందం, 0.5 మిల్లీసీమెన్స్ వాహకత ఉంటే దాని నిరోధం 50 కిలో ఓమ్స్. అందుకే ఆర్డ్వినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో వాడేటప్పుడు 47 కిలో ఓమ్స్ రెసిస్టర్‌ను వరుసలో పెడితే సరిగ్గా నప్పుతుంది. పట్టీ, రెసిస్టర్ జత రెండు చివర్లనూ రెండు డిజిటల్ పిన్‌లకు కలిపి, మధ్య బిందువును అనలాగ్ పిన్‌తో చదవండి. ఒక పిన్ హై, రెండోది లో పెట్టి కొన్ని మిల్లీసెకన్లలో చదివి, వెంటనే రెండూ తారుమారు చేసి అంతే సేపు ఎదురు దిశలో నడపాలి. రెండు దిశల్లోనూ పట్టీ నిరోధం లెక్కగట్టి సగటు తీసుకోండి. తర్వాత రెండు పిన్‌లనూ లో చేసి వదిలేయండి. ఇలా చేస్తే అయాన్లు ఒక వైపు పేరుకోవు.

పట్టీని సాగదీస్తే పొడవు పెరుగుతుంది, అడ్డుకోత తగ్గుతుంది. ఘనపరిమాణం మారదు కాబట్టి నిరోధం సాగుదల వర్గం చొప్పున పెరగాలి. ఒకటిన్నర రెట్లు సాగదీస్తే 2.25 రెట్లు. అంతకు చాలా తేడాగా వస్తే ముందు తీగలు పట్టుకున్న చోట చూడండి, లోపం సాధారణంగా అక్కడే ఉంటుంది. పట్టీని రెండు పల్చటి సిలికాన్ పొరల మధ్య మూసేస్తే వానాకాలం చెమట తగ్గుతుంది. ఊరికే ప్రదర్శనకైతే క్లింగ్ ఫిల్మ్ చాలు.

గుంటూరు పత్తితో అయానోజెల్

డబ్బు, గైడ్ అనుమతి రెండూ ఉంటే ఇది కూడా చేసి చూడాల్సిన పని. పత్తిలో ఉన్నదంతా దాదాపు సెల్యులోజ్. నీటిలో కరగదు, మామూలు సాల్వెంట్లలోనూ కరగదు. 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్‌లో కరుగుతుందని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం 2002లో చూపించింది. 2008లో జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు వదిలేస్తే అది గాలిలోని తేమను పీల్చుకుని మెత్తటి జెల్ అవుతుందని చూపారు. జెలటిన్ జెల్‌కు శత్రువైన మన వానాకాలం తేమ దీనికి చుట్టం.

యార్డు పత్తి తెచ్చి మైనం తీసి, తెల్లబరిచే శ్రమ అక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే దూదికి ఆ పనులు ముందే జరిగి ఉంటాయి. 1 గ్రాము దూదిని సన్నగా కత్తిరించి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 19 గ్రాముల అయానిక ద్రవంలో 100 డిగ్రీల దగ్గర కొద్దికొద్దిగా వేస్తూ తిప్పండి. గోధుమ రంగు తిరిగితే వేడి తగ్గించండి. తేటపడ్డాక గాజు పలక మీద పరిచి, దుమ్ము పడకుండా పైన జాలీ కప్పి వదిలేయండి. ఈ లవణం మింగితే విషం, కాబట్టి నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా చేయొద్దు. పేరు చివర టెట్రాఫ్లోరోబోరేట్ అనో, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనో ఉన్న అయానిక ద్రవాలు చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. నీటితో, వేడితో అవి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విడుదల చేయగలవు.

మిగిలినవి

గ్లిజరిన్, జెలటిన్ జెల్ ముక్కలను గోరువెచ్చటి నీటిలో కరిగించి ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో పోయండి. వాటిని కరిగించి మళ్లీ పోత పోయొచ్చు కూడా, కానీ రెండోసారి బలం తగ్గుతుంది కాబట్టి కొలతలకు వాడొద్దు. ఇమిడజోలియం ఉన్న ఏ ద్రవాన్నీ, ఆ గాజు సామాను కడిగిన మొదటి నీళ్లను కూడా సింకులో పోయకుండా విడిగా సీసాలో పట్టి లేబుల్ వేయండి. ఇవి నీటిలోని జీవులకు హాని చేస్తాయి. డెస్ సీసాకు మూత మీద పారాఫిల్మ్ చుట్టి, తయారు చేసిన తేదీ, ఆ రోజు వక్రీభవన గుణకం, సీసాతో కలిపి బరువు రాసి డెసికేటర్‌లోనే ఉంచండి.